పదకొండు డెబ్భై నాలుగు, చాంపియన్ రీఫ్స్

చాంపియన్ రీఫ్స్
జూన్ 9, 2024

ప్రియమైన పెద్దమ్మా,

ఈ ఉదయం వంటింటి కిటికీ గట్టు మీద బంగారు గని దిబ్బల దుమ్ము పల్చగా పరుచుకుని ఉంది. దాని మీద పిల్లి నాలుగు అడుగులు వేసింది. ఐదో అడుగు లేదు. అక్కడి నుంచే వెనక్కి తిరిగి వెళ్ళిపోయినట్టుంది. తుడవబుద్ధి కాలేదు.

మొన్న నువ్వు నాన్నతో ఫోన్లో మాట్లాడినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "మీ బిడ్డ ఎప్పుడు చూసినా ఏదో రాస్తా ఉంటాదంట కదా, అదేందో నేనూ రావచ్చునా అడుగు" అన్నావు. నాన్న ఫోన్ నా చేతిలో పెట్టాడు. "బాగున్నాను పెద్దమ్మా" అని తిరిగి ఇచ్చేశాను. ఫోన్లో నాకు మాట రాదు. నేను పనిచేసే కాన్వెంటు లైబ్రరీలో 'నిశ్శబ్దం' అన్న బోర్డు ఊడిపోయి నెలయింది. సిస్టర్ కొత్తది పెట్టించడం లేదు, నేత్రావతి కూర్చుంటే చాలు అంటారు. అందుకే ఉత్తరం.

నేను రాసే చోటు ఫేస్‌బుక్ కాదు. దీనికి ఒకే కంపెనీ, ఒకే గేటు లేవు. చాలా ఊళ్ళలో చాలామంది సొంతంగా చిన్న చిన్న సర్వర్లు నడుపుతారు. సర్వర్ అంటే ఒక కంప్యూటర్. అందులో కొంతమంది పేరు నమోదు చేసుకుని ఉంటారు. ఒక సర్వర్‌లో ఉన్నవాళ్ళు వేరే సర్వర్‌లో ఉన్నవాళ్ళకు రాసుకోవచ్చు. అటువంటిది ఒకటి మన గని లైన్లవాళ్ళ కోసం, ఆ పనివాళ్ళ ఇళ్ళ వరసల్లో ఉండినవాళ్ళ కోసం ఉంది. పేరు కూడా 'లైన్లు'. గని మూసేశాక బెంగళూరు, హోసూరు, చెన్నై చేరినవాళ్ళు మళ్ళీ ఒక దగ్గర మాట్లాడుకోవాలని పెట్టినది. అక్కడ నేను రోజుకొక ఇంటి గురించి నాలుగు వాక్యాలు రాస్తాను. ఆ ఇంట్లో ఎవరుండేవారు, గుమ్మంలో ఏం కనిపించేది, అంతే.

కానీ ఆగస్టు ముప్పై ఒకటిన దాన్ని మూసేస్తారు. రావడం కష్టంగా ఉందని జనం గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతున్నారు. నువ్వు శ్రమపడి నేర్చుకుని వచ్చేసరికి అది ఉండదు. అందుకని వద్దులే పెద్దమ్మా.

ఈ కవరు బేతమంగళ బస్సు కండక్టరు నంజుండప్పగారికి ఇస్తున్నాను. పోస్టు కంటే ఆయనే ముందు చేరుస్తాడు.

నీ
నేత్ర


బేతమంగళ
జూన్ 23

అమ్మా నేత్రా,

కవరు ఆ సాయంత్రమే అందింది. నంజుండప్ప బస్సు దిగి వచ్చి, "ఏమక్కా, ఈ వయసులో నీకు లవ్ లెటరా?" అన్నాడు. "అవునప్పా, నీకు రాసేవాళ్ళు ఎవరూ లేరనా ఏడుపు?" అన్నాను. బస్సులో వాళ్ళంతా నవ్వినారు.

నువ్వు వద్దంటే నేను ఆగేదానినా? ఆగస్టు దాకా టైముండాది కదా. ఉమేశ్ పాత ఫోన్ అడిగి తీసుకున్నాను. వాడు తెల్లారి బంగారుపేటకు పోయి రైలెక్కే హడావుడిలోనే ఆ యాప్ ఏదో వేసి పెట్టినాడు. "అమ్మా, ఏ సర్వర్ కావాల?" అన్నాడు. "నాకేం తెలుసురా, వాళ్ళు ఏది ఇస్తే అది" అన్నాను. వాడు సరే అని ఫోన్ బల్ల మీద పెట్టి పోయినాడు.

నేను ఎనిమిది దినాలు కాచుకోని కూర్చున్నాను.

నవ్వద్దు. మా నాయన గనిలో చేరినప్పుడు ఏ షాఫ్టులో దిగాల, ఏ షిఫ్టు, ఏ లైన్లో ఏ ఇల్లు, అన్నీ వాళ్ళే రాసి చేతిలో పెట్టినారు. మనల్ని అడిగినోళ్ళు యాడ ఉండారు? ఇదీ అట్లే అనుకున్నాను. రోజూ పొద్దున ఫోన్ తెరిచి, నన్ను ఏ సర్వర్‌కు వేసినారో చూసేది, మూసేది. అదే లిస్టు. తొమ్మిదో దినం ఉమేశ్ చూసి తల కొట్టుకున్నాడు. "అమ్మా, అది నీకోసం కాచుకోని ఉండాది. నువ్వు దానికోసం కాచుకోని ఉండావు."

నాకు ఒకటి చెప్పు. ఇంటికి పిలిచినోళ్ళు గేటు కాడ నిలబెట్టి, 'ఈ ఇన్నూరు ఇండ్లలో నువ్వు ఏ ఇంట్లోకి పోతావో ముందే చెప్పు' అంటారా? లోపల ఎవరుండారో చూడనే లేదే, ఎట్ల చెప్పేది? పెండ్లికి పోయినా ముందు అందరి మొగాలు చూసి కదా ఏ పంక్తిలో కూర్చోవాలో చూసుకుంటాము.

ఇంగ, మన లైన్లలో ఎంతమంది ఉండారు? తెలిసినోళ్ళు ఎవరైనా ఉండారా?

పట్టుపురుగులు నాలుగో జ్వరంలో ఉండాయి, పొర విడిచే ముందు. ఆకు ముట్టకుండా తల పైకెత్తి నిద్రపోతా ఉండాయి. ఇల్లంతా చప్పుడు లేదు. నువ్వు వచ్చి కూర్చున్నట్టుండాది.

నాగరత్న పెద్దమ్మ


చాంపియన్ రీఫ్స్
జూన్ 28

ప్రియమైన పెద్దమ్మా,

నవ్వద్దన్నావు. నాన్నకు చదివి వినిపించాను, ఆయన నవ్వాడు. నేను కొంచెమే.

తప్పు నాది. ఎంచుకోవాల్సింది నువ్వేనని చెప్పాల్సింది. నాకూ మొదట్లో అదే అయింది. ఆ లిస్టు చూసి రెండు రోజులు భయపడ్డాను. తప్పు చోట చేరితే బయటికి రాలేనేమో అనిపించింది. నిజానికి అంత భయం అక్కరలేదు. తాత ఒకసారి ఒక షాఫ్ట్‌లో దిగి, అడుగున నడుచుకుంటూ పోయి, ఇంకో షాఫ్ట్‌లో పైకొచ్చాడని అమ్మ చెప్పేది. ఇదీ అంతే, అడుగున దారులు కలుస్తాయి. ఏదో ఒకదానిలో చేరు. నచ్చకపోతే తరువాత మారవచ్చు. నీతో మాట్లాడేవాళ్ళు నీ వెంట వస్తారు. అప్పటిదాకా రాసినవి మాత్రం పాత చోటే ఉండిపోతాయి.

'లైన్లు'లో నేరుగా చేర్చలేను. అక్కడ ఒక ఫారం ఉంది. ఎందుకు చేరాలనుకుంటున్నారో రాయాలి. ఒక మనిషి చదివి ఒప్పుకుంటేనే లోపలికి. అలా పెట్టకపోతే ఎవరెవరో వచ్చి అప్పుల యాప్‌ల గురించి, లాటరీల గురించి రాస్తారట.

ఆ ఫారం వల్ల కొందరు నొచ్చుకున్నారు కూడా. వెంకటరమణప్ప మామ తెలుసు కదా, నాన్నతో పనిచేసినాయన. మా వసారాలో కూర్చునే నింపడం మొదలుపెట్టాడు. ఆ ప్రశ్న దగ్గర ఆగాడు.

"ఎందుకు రావాలనుకుంటున్నావని అడుగుతా ఉండాది మునివెంకటప్పా."

"రాయప్పా ఏదో ఒకటి."

"ఏం రాసేది? ముప్పై ఏండ్లు ఈ లైన్లలో ఉండినాను. ఇప్పుడు నా ఊరికి నేను వచ్చేదానికి కారణం చెప్పాలనా? ఎవుడప్పా వాడు, నన్ను అడిగేవాడు?"

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నేను లోపల టీ వడకడుతున్నాను. బయటికి రాలేదు.

ఎంతమంది అని అడిగావు. తక్కువే.

నీకు బేజారైతే మానేయి పెద్దమ్మా. నేనేమీ అనుకోను.

నేత్ర


బేతమంగళ
జూలై 14

నేత్రమ్మా,

చేరినాను! లిస్టులో అన్నిటికంటే పైన ఏది ఉండాదో అది నొక్కినాను. పేరు ఏం పెట్టేది అని ఉమేశ్ అడిగినాడు. నాగరత్న అంటే ఊరికి నలుగురు ఉంటారు. మా నాయన టోకెన్ నంబరు పెట్టమన్నాను. 1174. "అమ్మా, ఇది సిమ్ కార్డు కాదు" అన్నాడు. అయినా పెట్టినాడు. అది తీసుకునింది. చూడు, ఇన్ని కోట్ల జనంలో మా నాయన నంబరు ఇంగా నాకోసం ఖాళీగా ఉండాది.

చిన్నప్పుడు మధ్యాహ్నం క్యారియర్ ఎత్తుకోని షాఫ్టు గేటు కాడికి నేనే పోయేది. మీ అమ్మ నా పావడ పట్టుకోని వెనక. గేటాయన ఎవరి బిడ్డవని అడగడు. నంబరు అంటాడు. "పదకొండు డెబ్భై నాలుగు!" అని గట్టిగా అరవాల. మీ అమ్మ నాకంటే గట్టిగా అరిచేది.

సరే, లోపలికి పోతే ఏమీ లేదు. తెల్లగా ఉండాది. నాకు ఒక మనిషి కనిపించలే, ఒక మాట కనిపించలే. చెడిపోయిందేమో అని రెండు సార్లు ఆపి వేసినాను. ఉమేశ్ వచ్చి, "నువ్వు ఎవరి వెంటా పోలేదు కదమ్మా, నీకు ఎవరు కనిపిస్తారు? ముందు నువ్వే వెతుక్కోవాల" అన్నాడు. ఎవరినీ చూడకుండా ఎవరిని వెతికేది? మళ్ళీ అదే కత.

తర్వాత వాడు ఏదో నొక్కితే ఆ సర్వర్లో వాళ్ళంతా వచ్చినారు. అంతా దొరలు. యాడివాళ్ళో తెలీదు, ఇంగ్లీషు కూడా కాదు. వచ్చినాక ఊరికే ఉండడం మర్యాద కాదని మన చంద్రిక మీద, పురుగులు గూడు కట్టే ఆ వెదురు తట్ట మీద, పట్టుగూళ్ళ ఫొటో పెట్టినాను. ఒకాయన తన పిల్లి ఫొటో పంపినాడు. నేను మన ఆవు ఫొటో పంపినాను. ఆయన ఇంకో పిల్లిని పంపినాడు. మంచోడే. కానీ ఎన్ని దినాలని ఆవులూ పిల్లులూ పంపుకుంటాము?

నాకు కావల్సింది నువ్వు. అక్కడ నీ పేరేమి? మీ నాయనను అడిగితే "నాకేం తెలుసు, అది నాకు చెప్పలేదు" అంటాడు. నాకైనా చెప్పు. ఎంతమంది ఉండారో కూడా సరిగ్గా చెప్పలే నువ్వు.

పెద్దమ్మ


చాంపియన్ రీఫ్స్
జూలై 22

ప్రియమైన పెద్దమ్మా,

నీ ఉత్తరం లైబ్రరీలో చదివాను. నంబరు దగ్గరికి వచ్చి మళ్ళీ మొదటి నుంచి చదివాను.

అక్కడ నా పేరు 1174.

తాత నంబరున్న ఇత్తడి టోకెన్ బిళ్ళ మా ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంటుంది. చేరిన రోజు నా పేరు రాయడానికి సిగ్గేసింది. తలెత్తితే అది కనిపించింది. ఎవరికీ చెప్పలేదు. నువ్వూ అదే పెట్టుకుంటావని ఎలా అనుకుంటాను?

ఒకే నంబరు ఇద్దరికి ఎలా ఇచ్చారని నీకు అనుమానం వస్తుంది. ఈ చోట పేరు రెండు ముక్కలు. మొదటిది మనం పెట్టుకున్నది. రెండోది మనం చేరిన సర్వర్ పేరు. రెండూ కలిస్తేనే మనిషి. ఒక సర్వర్‌లో 1174 ఒకరే ఉంటారు, కానీ వేరే సర్వర్‌లో ఇంకో 1174 ఉండవచ్చు. జనం సగం పేరే చెప్పుకుంటారు, మిగతా సగం వదిలేస్తారు. అవతలివాళ్ళు వెతికి వెతికి, లేరనుకుని వెళ్ళిపోతారు. నా పూర్తి పేరు ఈ ఉత్తరం వెనక పెద్ద అక్షరాలతో రాశాను. రెండు ముక్కలూ కొట్టు.

నువ్వు చూసిన తెల్ల తెర అందరూ చూసేదే. పక్క లైన్లో ఉండిన శశికుమార్ ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు. నీలాగే ఏదో పెద్ద సర్వర్‌లో చేరాడు. తెర ఖాళీగా ఉంటే ఫోన్లో డేటా అయిపోయిందనుకుని రీచార్జి చేశాడట. అప్పటికీ ఖాళీగానే ఉంటే తీసేశాడు. మిగతా చోట్ల తలుపు తీయగానే ఎవరో ఒకరు మన ముందు కూర్చుని మాట్లాడుతుంటారు. ఇక్కడ మనమే వెళ్ళి తలుపు కొట్టాలి. ఆ పని నాకూ చేతకాదు పెద్దమ్మా. అందుకని శశికుమార్‌ను ఏమీ అనలేను.

ఇంకొకటి. నా పేరు దొరికాక కూడా నీకు నేను ఇకపై రాసేవే కనిపిస్తాయి. పాతవి నీ సర్వర్‌కు రావు. 'లైన్లు' లోపలికి వస్తేనే అన్నీ కనిపిస్తాయి.

ఆ ఇళ్ళ గురించి నాకెలా తెలుసని నువ్వు అడగలేదు. నేను పుట్టేసరికే సగం ఇళ్ళకు తాళాలు పడుతున్నాయి. అమ్మ చెప్పినవే. సాయంత్రాలు ఇద్దరం నడుస్తూ పోతుంటే ప్రతి గుమ్మం దగ్గర ఒక మాట చెప్పేది. మరిచిపోతానని రాస్తున్నాను.

నేత్ర


బేతమంగళ
ఆగస్టు 17

నేత్రా, బంగారూ,

నీ ఉత్తరం చదివి శానా సేపు కూర్చున్నాను. రాగి విత్తేదానికి ఆడాళ్ళు వచ్చి పిలిచినా లేవలే. మా నాయన నంబరు ఇద్దరికి ఉండేదని నీకు మీ అమ్మ చెప్పలేదా? అప్పటికి అది మరీ చిన్నది, మరిచిపోయి ఉంటాది.

నాకు అప్పుడు పదేండ్లు. మధ్యాహ్నం మన లైన్లో సొన్నప్ప అనే ఆయన పరిగెత్తుకోని వచ్చినాడు. "పదకొండు డెబ్భై నాలుగుకు దెబ్బ తగిలింది, ఆసుపత్రికి తీసుకోని పోతా ఉండారు!" మా అమ్మ పొయ్యి మీద ఎసరు అట్లనే వదిలేసి, చెప్పుల్లేకుండా పరిగెత్తింది. మేము ఇద్దరమూ గుమ్మంలో ఏడస్తా కూర్చున్నాము. షిఫ్టు దిగినాక మా నాయన చేతిలో క్యారియర్ ఊపుకుంటా నడిచి వచ్చినాడు. "ఏమే, ఇల్లు బార్లా తెరిచి మీ అమ్మ యాడికి పోయింది?" అన్నాడు. మీ అమ్మ ఆయన కాళ్ళు పట్టుకోని వదల్లేదు.

దెబ్బ తగిలింది ఇంకో షాఫ్టులో 1174కు. ఏ షాఫ్టు అని సొన్నప్పా చెప్పలే, మా అమ్మా అడగలే.

మా నాయన ఆసుపత్రికి పోయి చూస్తే, మా అమ్మ ఆ మనిషి మంచం కాడ కూర్చోని స్పూనుతో నీళ్ళు పోస్తా ఉండాది. కాలికి కట్టు. ఆయన పెండ్లాం ఊరి నుంచి రావాల. "మన మనిషి కాదని తెలిసినాక ఇంటికి రాకూడదా?" అన్నాడు మా నాయన. "నంబరు చెప్పి పిలిచినారు, వచ్చినాను. ఆయమ్మ వచ్చేదాకా కూర్చుంటే నీకేం నష్టం?" అనింది. ఆ మనిషి కాలు బాగయినాక కూడా శానా దినాలు మన ఇంటికి వస్తా ఉండినాడు. అప్పటి నుంచి మా అమ్మ నంబరు చెప్పేటప్పుడు షాఫ్టు పేరు కూడా చెప్పేది. చాంపియన్ రీఫ్స్, పదకొండు డెబ్భై నాలుగు. నాకు నీ రెండు ముక్కలూ ఇప్పుడు అర్థమయినాయి.

అర్థమయ్యేదానికి ముందే ఒక తప్పు చేసినాను. ఉత్తరం తిప్పి చూడకుండా ముందు ముక్క ఒకటే కొట్టినాను. ఒక గడ్డమాయన వచ్చినాడు. ఫొటో ఎవరిదైనా పెట్టుకుంటారు కదా, నువ్వేనేమో అని "తిన్నావా అమ్మా?" అని రాసినాను. ఆయన మర్యాదగా ఏదో జవాబిచ్చినాడు. ఉమేశ్ ఫోన్లోనే దాన్ని తెలుగు చేయించి చదివినాడు. "తిన్నాను, మీరు తిన్నారా" అని రాసినాడంట! మూడో 1174. ఆయన కాలు బాగుండాదో లేదో అడగమన్నాను. వాడు అడగలే.

తర్వాత నిన్ను పట్టినాను. ఆ పొద్దు నుంచి రోజుకొక ఇల్లు వస్తా ఉండాది. నువ్వు రాసిన కుట్టుమిషను ఇల్లు నలభై మూడు కాదు, నలభై ఒకటి. నలభై మూడు గుమ్మంలో రామచిలక పంజరం. మీ అమ్మకు ఆ రెండిండ్లూ ఎప్పుడూ తారుమారే.

ఎనిమిదో తేదీన మన లైన్లలో ఫారం కూడా నింపినాను. 1174 ఇప్పటికే ఒకరికి ఉండాదనింది. నువ్వే కదా, నీ దగ్గరే ఉండనీ. '1174కూతురు' అని పెట్టినాను. కారణం అడిగినారు. పొద్దుపోయేదానికి అని రాసినాను.

తొమ్మిది దినాలు అయింది. పిలుపు లేదు. మొన్న మంగళవారం మధ్యాహ్నం నొక్కితే పేజీనే తెరుచుకోలేదు. ముప్పై ఒకటికి మూసేస్తారంటివి. గేటు కాడ ఎవరుండారమ్మా? నీకు తెలిసినోళ్ళయితే ఒక మాట చెప్పు. లేకుంటే నంజుండప్పను పంపి అరిపిస్తాను.

పెద్దమ్మ


చాంపియన్ రీఫ్స్
ఆగస్టు 28

ప్రియమైన పెద్దమ్మా,

పొద్దుపోవడానికి అని నువ్వు రాయలేదు. నువ్వు రాసినది ఇది:

"గేటు కాడ ఉండే సామికి. మీ కాడ 1174 అని ఒక పిల్ల రాస్తా ఉండాది. అది నా చెల్లెలి కూతురు. చెల్లెలు పోయి ఆరేండ్లు. ఆ పొద్దు నుంచి పిల్లకు మాట తక్కువ. అడిగితే బాగుండాను అంటాది. పట్టుపురుగు జ్వరంలో ఉంటే ఆకు వేయకూడదు, తట్టి లేపకూడదు, పక్కన కాచుకోని ఉండాల. ఆ పని నాకు చేతనవుతాది. పిల్ల ఇన్ని దినాలు ఏమేమి రాసిందో అంతా చదవాలని ఉండాది. నేనేమీ మాట్లాడను, ఒక పక్కన కూర్చుంటాను. మీరు మూసేస్తారంట. మూసేస్తే ఆ పిల్ల ఇంగ యాడ మాట్లాడుతాది? కొంచెం ఆలోచన చేయండి సామీ. నేను ఇట్ల రాసినానని పిల్లకు చెప్పొద్దు."

సామి చెప్పలేదు. గేటు దగ్గర ఉన్నది నేనే.

'లైన్లు' పెట్టింది నేను. నా పుస్తకాల బీరువా వెనక ఒక చిన్న నల్ల పెట్టె ఉంది, అదే ఆ సర్వర్. నాన్న అది అమ్మ పాత రేడియో సామాను అనుకుని ఆదివారాలు దుమ్ము తుడుస్తాడు. నువ్వు నొక్కితే తెరుచుకోని ఆ మంగళవారం మధ్యాహ్నం మా లైన్లో కరెంటు లేదు. మూసేవాళ్ళు ఎవరో వేరే ఉన్నట్టు నీకు రాశాను. మూయాలనుకున్నది కూడా నేనే. వెంకటరమణప్ప మామ "ఎవుడప్పా వాడు" అన్నప్పుడు టీ పట్టుకుని బయటికి రాలేకపోయాను, ఎందుకంటే ఆ ప్రశ్న నేను రాసినదే.

నీ ఫారం ఎనిమిదో తేదీ సాయంత్రమే చదివాను. వేరొకరికి రాసిన ఉత్తరం దొంగతనంగా చదివినట్టయింది. చదవకుండా ఉండే దారి లేదు, అది నా పనే. ఒప్పుకుంటే నువ్వు లోపలికి వచ్చి అన్నీ చూస్తావు. ఒప్పుకోకపోతే ముప్పై ఒకటో తేదీ వచ్చేస్తుంది. రోజూ తెరిచి, చూసి, మూశాను. నువ్వు ఎనిమిది దినాలు కూర్చున్నావని నాన్న నవ్వాడు. నేను ఇరవై కూర్చున్నాను.

నిన్న నీ ఉత్తరంలో అమ్మమ్మ సంగతి నాన్నకు చదివి వినిపించాను. మామూలుగా చదువుతూ, ఆసుపత్రి దగ్గరికి వచ్చేసరికి కాగితం ఆయన వైపు జరిపాను. నాన్న ఉత్తరం తీసుకుని మిగతాది తనే చదివాడు. తరువాత ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడామో వచ్చినప్పుడు చెబుతాను. చాలా ఉంది.

ఈ ఉదయం మూడు పనులు చేశాను. ఫారంలో ఆ ప్రశ్న తీసేశాను. దాని బదులు 'మీరు ఏ లైన్లో ఉండేవారు?' అని పెట్టాను. లాటరీవాళ్ళకు ఆ జవాబు తెలియదు, వెంకటరమణప్ప మామకు తెలుసు. కుట్టుమిషనును నలభై ఒకటో ఇంటికి, రామచిలకను నలభై మూడుకు మార్చాను. '1174కూతురు'ను లోపలికి తీసుకున్నాను. ఈ కవరు నీకు చేరేసరికి తలుపు తెరిచే ఉంటుంది.

ముప్పై ఒకటిన మూయడం లేదు.

ఒక పక్కన కూర్చుంటానని రాశావు. అలా కుదరదు పెద్దమ్మా. ఇంకా ఎన్ని ఇళ్ళు తారుమారు చేశానో నాకు తెలియదు. అది చెప్పగలిగిన మనిషివి నువ్వొక్కదానివే. తప్పు రాసిన ప్రతి చోటా అందరికీ వినపడేలా దిద్దు. గేటు దగ్గర అరిచినట్టు అరువు. నాకేమీ సిగ్గు లేదు. కొంచెం ఉంది, అయినా అరువు.

నేను రాసినవన్నీ చదువుతూ పోతే మొదటి రోజువి రావడానికి నీకు వారం పట్టవచ్చు. నాలుగు వందల పైనే ఉన్నాయి. మొదటిది మన ఇల్లు.

ఎంతమంది ఉన్నారని నువ్వు రెండుసార్లు అడిగావు. తక్కువే అని రాశాను. 'లైన్లు' మొదలుపెట్టి పద్నాలుగు నెలలు. నీకు ముందు అక్కడ ఉన్నది నేనొక్కదాన్నే.

నేత్ర